మేం ఆపిన అబ్బా పాట

జుమా నమాజు ముగించుకుని ఇంటికొచ్చి, నాలుగు ముద్దలు తిన్నాక మా అబ్బా గోడకు వీపు ఆనించి కూర్చుంటారు. ఎనభై దాటిన మనిషి. శుక్రవారం పగటిపూట పాట పెట్టకూడదన్నది ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం. అయినా కుడిచేతి వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తూనే వుంటాయి. ఏమిటని అడిగితే, "ఏం లేదు బేటా, దర్జీ వేళ్ళు గదా, ఊకె వుండవు" అంటారు.

ఆ వేళ్ళ వెనుక ఎన్ని పాటలున్నాయో తెలుసుకోవడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలుసుకునే లోపల మేం ఒక పొరపాటు కూడా చేశాం. ఇలాంటి పెద్దలు మన ఇళ్ళలో ఇంకా వున్నారు గనుక ఆ సంగతి ఇక్కడ చెప్పుకుంటున్నాం.

అబ్బా 1942లో వర్గల్‌లో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. తర్వాత మెదక్ జిల్లా అయింది. 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో వుంది. దాదా ఆ వూరికి దర్జీ. ఇంట్లో గ్రామఫోను లేదు, రేడియో లేదు. ఆయన విన్న మొదటి సంగీతం తిరగలిది. ఇంకా చీకటి వుండగానే దాదీ జొన్నలు విసురుతూ పాడేది. ఆమె ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంటే పాట ఒక చెవికి, రాతి గరగర ఒక చెవికి వినిపించేదట. ఆ పాటలను దక్కనీలో చక్కీనామా అంటారు. తిరగలి పిడిని, నడిమి మేకును, నలిగే గింజను పోలికలుగా పెట్టి అల్లాహ్ నామాన్ని, దైవప్రవక్త (స) పేరును, తమ పీర్ పేరును తలుచుకునే పాటలవి. బీజాపూర్, గుల్బర్గా ప్రాంతాల సూఫీల కాలం నుంచి చదువురాని ఆడవాళ్ళ నోళ్ళలో నిలిచాయి. దక్కనులో ఇస్లాం ఇళ్ళలోకి ఎలా వచ్చిందో ఈ పాటలు చెబుతాయని చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1978లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. దాదీకి అవన్నీ తెలియవు. పాడకపోతే చెయ్యి తిరగదని మాత్రం తెలుసు. వూళ్ళోకి పిండి గిర్నీ వచ్చాక ఆమె పాట కూడా ఆగిపోయింది. దాన్ని ఎవరూ రాసిపెట్టుకోలేదు.

ఇక వీధిలోకి వస్తే పీర్ల పండుగ. పీరీలను ఎత్తుకునేవారిలో సగం మంది హిందువులే. హసన్, హుసేన్ (ర)లు ఆ పాటల్లో ఆశన్న, ఊశన్న అయిపోయేవారు. అలావా చుట్టూ డప్పు మీద తిరిగే ఆ పాట తెలుగులో వుండేది, ఏడుపు మాత్రం అందరిదీ. బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్ళు చప్పట్లు చరుస్తూ తిరుగుతుంటే, ఆ దెబ్బకు మిషను తొక్కితే కుట్టు వంకర పోదని అబ్బా ఇప్పటికీ అంటారు. ఇందులో శాస్త్రం ఎంతుందో తెలియదు.

పదహారో ఏట, 1958లో, పని నేర్చుకోవడానికి సికింద్రాబాద్ వెళ్ళారు. పగలంతా కాజాలు తీయడం, గుండీలు కుట్టడం. బుధవారం రాత్రి మాత్రం ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ ముందు పెట్టుకుని గంటసేపు కూర్చునేవారు. ఆ రాత్రి రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా వచ్చేది. 1952లో మొదలైన ఆ కార్యక్రమానికి దేశమంతా చెవులప్పగించడానికి ఒక కారణం వుంది. సమాచార శాఖ మంత్రి కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణి వాటిని దూరం పెట్టింది. జనం సముద్రం అవతలి రేడియోను పట్టుకున్నారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి ప్రభుత్వం దిద్దుకున్నది గానీ, అప్పటికే అమీన్ సయానీ గొంతు ఇంటింటి గొంతయింది. 2024 ఫిబ్రవరిలో సయానీ కన్నుమూసిన రోజు అబ్బా మాతో మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం, "ఆయన ఉర్దూ విని నేను నా ఉర్దూ దిద్దుకున్న" అన్నారు.

గురువారం రాత్రి నాంపల్లి యూసుఫైన్ దర్గా. అక్కడి ఖవ్వాలీలో ముందు వరుసలో కూర్చోవడానికి దుకాణం యజమానికి ఏదో ఒక అబద్ధం చెప్పి ముందే బయటపడేవారట. హైదరాబాద్ ఖవ్వాలీకి పెద్ద దిక్కు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. 1971లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మనవలు నజీర్, నసీర్ వార్సీలు ఆ పాటను నిలబెట్టుకొస్తున్నారు. గజల్‌కు వచ్చేసరికి అబ్బా విఠల్‌రావు పేరు చెప్పి ఆగుతారు. నిజాం కొలువులో పాడిన ఆ హిందూ కళాకారుడు 2015లో మరణించేదాకా ఉర్దూ గజల్‌నే పట్టుకున్నారు. "ఉర్దూ మా ఇంట్ల పుట్టింది, ఆయన గొంతుల పెరిగింది" అన్నది అబ్బా తీర్పు.

వర్గల్‌కు తిరిగొచ్చి, నిఖా అయి, సొంత మిషను పెట్టుకున్నాక ఒక ట్రాన్సిస్టర్ కొన్నారు. అప్పట్లో రేడియోకు లైసెన్సు వుండేది, ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాలి. ఒక్కో ఏడు మా ఫీజులు ఆలస్యమయ్యాయి గానీ ఆ లైసెన్సు ఆలస్యం కాలేదని అమ్మీ దెప్పేది. హైదరాబాద్ కేంద్రం నుంచి ఉర్దూ కార్యక్రమం నైరంగ్ వస్తుంటే ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఆరిపోయినా చూసుకునేవారు కాదు. ఘంటసాల పద్యాలకు కూడా అంతే. ఒకరోజు నాదస్వరం వస్తుంటే మధ్యలో కత్తెర పక్కన పెట్టి మమ్మల్ని పిలిచారు. "గీయన మనాయనే" అన్నారు. ప్రకాశం జిల్లా కరవది నుంచి శ్రీరంగం చేరి, గుడి వాద్యంతో 1977లో పద్మశ్రీ పొందిన షేక్ చినమౌలానా వాయిస్తున్నారని మాకు అప్పుడే తెలిసింది.

అయితే అందరికన్నా పైన రఫీ సాహెబ్. ఆయన తెలుగులోనూ పాడారు. 1969లో 'భలే తమ్ముడు', 1976లో 'ఆరాధన'లో రామారావుకు ఆ గొంతే. తెలుగు రాని మనిషి తెలుగును అంత జాగ్రత్తగా పట్టుకోవడం చూసి, అబ్బా ఆ పాటలు రాగానే రేడియో శబ్దం పెంచి వీధికి వినిపించేవారు. 1980 జూలై 31న రఫీ పోయారు. రంజాన్ నెల. మర్నాడు శుక్రవారం. జుమా తర్వాత అబ్బా చాలాసేపు దుఆలో వుండిపోయారు.

1984లో మా పెద్దన్న సౌదీ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు టేప్‌రికార్డర్ తెచ్చాడు. అబ్బా సంతోషానికి అంతులేదు. మిషను పక్కనే దానికొక స్టూలు చేయించారు. తొమ్మిదేళ్ళ తర్వాత, 1993లో, అదే అన్న వచ్చి సంగీతం హరామని చెప్పాడు. గడ్డం నెరిసిన మనిషి దుకాణంలో పాటలు పెడితే నలుగురూ ఏమంటారన్నాడు. మాట్లాడింది ఆయనే. వెనుక నిలబడి తలలూపింది మేం.

అబ్బా వాదించలేదు. "మీరు చదువుకున్నోళ్ళు. నిజమే గావచ్చు" అన్నారు. టేప్‌రికార్డర్ తీగ పీకి చుట్టారు. రేడియో కూడా అటకెక్కింది.

ఈ విషయంలో పండితుల మధ్య మాట ఒకటి కాదని అప్పుడు మాకు తెలియదు. నాలుగు మజ్‌హబ్‌ల పండితుల్లో అత్యధికులు వాయిద్యాలను కాదన్నారు, అది దాచవలసింది కాదు. పండుగనాడు ఆయిషా (ర) ఇంట్లో ఇద్దరు బాలికలు పాడుతుంటే అబూబక్ర్ (ర) మందలించబోవడం, ఈరోజు పండుగ, వాళ్ళను వదిలెయ్యమని ప్రవక్త (స) చెప్పడం బుఖారీలో వుంది. నిషేధానికి చూపే హదీసులు బలహీనమైనవని అందులూసియా పండితుడు ఇబ్న్ హజ్మ్ వాదించారు. ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా'లో సమా మీద ఒక భాగమే రాసి, షరతులతో ఒప్పుకున్నారు. చిష్తీలు విన్నారు, నఖ్ష్‌బందీలు వద్దన్నారు. మేం ముఫ్తీలం కాము, తీర్పు చెప్పబోవడం లేదు. కాని ఇంత పెద్ద చర్చను ఒక్క మధ్యాహ్నంలో, యాభై ఏళ్ళు దాటిన తండ్రి ముందు నిలబడి తేల్చేశాం. ఆయన ఏం వింటారో, ఎందుకు వింటారో ఒక్కరం అడగలేదు.

దుకాణంలో మిషను చప్పుడు మిగిలింది. బట్టలకొచ్చినవాళ్ళు కొన్నాళ్ళు అడిగి మానేశారు. "మిషను శబ్దం కూడా మారింది" అని అమ్మీ ఒకటి రెండుసార్లు అన్నది. మేం పట్టించుకోలేదు.

2007లో మా చెల్లెలి కూతురి మెహందీ. ఆడవాళ్ళు ఢోలక్ దగ్గర చేరారు. వియ్యపురాలిని ఆటపట్టించే ఒక పాత పాట ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర అందరూ ఆగిపోయారు. ఎవరికీ గుర్తు రాలేదు. అంతలో పరదా ఇవతలి నుంచి, మగవాళ్ళ మధ్య కూర్చున్న అబ్బా గొంతు ఆ చరణాన్ని అందించింది. పద్నాలుగేళ్ళ తర్వాత ఆయన పాడగా వినడం. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం, ఆ తర్వాత లోపల ముసలమ్మల నవ్వు. మేం పెద్దన్న ముఖం చూశాం. ఆయన లేచి వెళ్ళలేదు. ఇంకో చాయ్ అడిగాడు.

పెళ్ళి సందడి తగ్గాక చెల్లెలు అబ్బా ఇనప్పెట్టె తెరిచింది. అందులో నలభై ఒక్క క్యాసెట్లు. ఒక్కో దానికి ఒక్కో సంచి. మిగిలిన లైనింగు గుడ్డ ముక్కలతో కుట్టి, నాడా వేసి, పైన ఉర్దూలో పేరు రాశారు. పాట ఆపమన్న మనుషుల మీద కోపం లేకుండా, ఆపిన పాట చెడిపోకుండా ఆయన ఆ సంచులన్నీ ఎప్పుడు కుట్టారో అమ్మీకి కూడా తెలియదు. అయినా సగానికి పైగా టేపులకు బూజు పట్టి అతుక్కుపోయాయి.

ఇప్పుడు అన్నీ ఫోన్‌లో దొరుకుతున్నాయి. మగ్రిబ్ తర్వాత అబ్బా ఒక గంట వింటారు. పెద్దన్న సౌదీ నుంచి వచ్చేసి ఇక్కడే వుంటున్నాడు. ఆయన అభిప్రాయం మారలేదు. పాట మొదలుకాగానే పక్క గదిలోకి వెళ్ళిపోతాడు. ఆ ఫోన్‌కు రోజూ అసర్ వేళకే చార్జింగు పెట్టేది మాత్రం ఆయనే.