పరాయి ఉత్తరం

కంప్యూటరు పలుకును టెలిఫోను తీగ మోయగల ధ్వనిగా మార్చి, అవతలి చివర మళ్లీ అక్షరాలుగా చేసేది మోడెం. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు తెరిచినప్పుడు, ఇంటి ఫోను నుంచి అక్కడికి వెళ్లే దారి ఇదే.

1997లో నేను నల్లగొండలో విద్యార్థిని. హైదరాబాదులో ఒక ఆఫీసు యునిక్సు యంత్రాన్ని మా బావ చూసుకునేవాడు. ఒక రాత్రి దానికి ఫోను కలిపాను. మోడెం కీచుమంది, బుసకొట్టింది. పేరూ పాస్‌వర్డూ అడగవలసిన తెర, ఏమీ అడగకుండా ఎవరిదో ఉత్తరం చూపించింది! కూతురి వైద్యానికి అప్పు అడుగుతున్నాడు ఒక తండ్రి. రెండు పంక్తులు చదివాక సిగ్గేసి ఫోను పెట్టేశాను.

"ఏంది బావా, ఇదేం యంత్రం?" అని మర్నాడు అడిగాను.

బావ వివరించాడు. యునిక్సు గడపలో 'గెట్టీ' అనే కావలివాడు ఉంటాడు. వచ్చినవారిని పేరడిగి లోనికి పంపుతాడు. లైను తెగితే ఆ కబురు మోడెం చెప్పాలి. అప్పుడే యంత్రం పాత మనిషి పని ముగించి, గడపలో మళ్లీ గెట్టీని నిలబెడుతుంది. ఈ మోడెం మాత్రం లైను తెగినా "ఉన్నారు, ఉన్నారు" అంటూనే ఉంది!

బావ రెండు ఆజ్ఞలు ఇచ్చాడు. 'ఏటీ అండ్ సి1': లైను ఉన్నదీ లేనిదీ నిజం చెప్పు. 'ఏటీ అండ్ డి2': యంత్రం వద్దంటే ఫోను పెట్టేయి. తలుపు పడింది.

ఆ తండ్రికి అప్పు పుట్టిందో లేదో నాకు నేటికీ తెలియదు. అడిగే హక్కు నాకెక్కడిది?