నరాల నొప్పికి మత్తు చుక్కలు... మీకు తెలుసా?

పన్ను పీకేముందు చిగురులో పొడిచే మందునే సెలైన్‌లో కలిపి చుక్క చుక్కగా ఎక్కిస్తే, ఏళ్ల తరబడి వేధించే నరాల మంట కొందరికి తగ్గుతుందని మీకు తెలుసా? మందు పేరు లిడోకైన్. జైలోకైన్ అంటే చిక్కడపల్లిలో ఏ మందుల షాపువాడైనా గుర్తుపడతాడు. పంటికే పరిమితమనుకున్నాం, ఒళ్లంతా తిరిగొస్తోంది!

మీకు తెలుసా? ఆ డ్రిప్పు ఎక్కుతున్నంతసేపూ మనిషి మెలకువగానే ఉంటాడు. ఒళ్లు మొద్దుబారదు, కబుర్లు కూడా చెప్పొచ్చు. అకారణంగా గోల చేసే నరాలే ముందుగా సద్దుమణుగుతాయి. మత్తు మందు ఎక్కుతోంది, స్పృహ మాత్రం పోదు!

మన ఒంట్లో వేగవంతమైన నరాల్లో కబురు సెకనుకు 120 మీటర్లు పరుగెడుతుంది. అంటే గంటకు 400 కిలోమీటర్ల పైమాటే! మరి మంట కబురు మోసే సన్నని నరాల వేగమెంతో తెలుసా? సెకనుకు రెండు మీటర్లు దాటదు. సాయంత్రం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఇరుక్కున్న ఆటో లాంటిదన్నమాట. అంత నెమ్మదిగా వచ్చి అంత అల్లరి!

చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా? ఆ వైరస్ ఒంట్లోంచి పోనేలేదని తెలుసా? నరాల మొదళ్లలో దశాబ్దాలు నిద్రపోయి, ముసలితనంలో కొందరికి సర్పిగా లేస్తుంది. పొక్కులు మానినా కొందరికి మంట నెలలు, ఏళ్లు ఉండిపోతుంది. డ్రిప్పు వైద్యం ప్రయత్నించే నొప్పుల్లో ఇదొకటి. బడి రోజుల బాకీ, పెద్దయ్యాక వడ్డీతో సహా వసూలు!

లిడోకైన్ కథ బార్లీ గింజల దగ్గర మొదలైందంటే నమ్ముతారా? బార్లీలో దొరికే ఒక పదార్థాన్ని పరిశీలిస్తూ 1935లో స్టాక్‌హోమ్ రసాయన శాస్త్రవేత్త హోల్గర్ ఎర్డ్‌ట్‌మాన్ దానికి దగ్గరి బంధువైన మరో పదార్థాన్ని తయారుచేసి, నాలుకకు రాసి చూశాడు. నాలుక మొద్దుబారింది! ఆ దారిలోనే నీల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో లిడోకైన్ తయారుచేశాడు. సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంట్లోనే పొడుచుకుని పరీక్షించాడు. 1948లో మందు బజారుకొచ్చింది. నోరూరించే ఆవిష్కరణలు చాలా ఉన్నాయి, నోరు మొద్దుబార్చినది ఇదే!

బోలు సూదితో ఒంట్లోకి మందు పంపిన తొలి సందర్భాల్లో ఒకటి దేనికోసమో మీకు తెలుసా? నరాల నొప్పి కోసమే! 1844లో డబ్లిన్ వైద్యుడు ఫ్రాన్సిస్ రిండ్ ముఖంలో నరాల పోట్లతో అల్లాడుతున్న ఒక స్త్రీకి అలా మందు ఇచ్చాడు. సూదంటే నొప్పి అని భయపడతాం. అది పుట్టిందే నొప్పి తీయడానికి!

అంతకంటే ముందు? 1656లో క్రిస్టఫర్ రెన్ పక్షి ఈకను సూదిగా, జంతువు మూత్రాశయాన్ని సంచిగా వాడి ఓ కుక్క రక్తనాళంలోకి నల్లమందు పంపాడు. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టిన వాస్తుశిల్పి ఆయనే! డ్రిప్పుకి కూడా వాస్తుశిల్పే పునాది వేశాడు!

నొప్పి వైద్యానికి పితామహుడెవరు? జాన్ బోనికా. మత్తు డాక్టరు. మరి ఆయన రెండో వృత్తి? ముసుగు వేసుకుని కుస్తీలు పట్టడం! 1953లో నొప్పి వైద్యంపై మహాగ్రంథం రాశాడు. ఒకే మనిషి, నొప్పి పెట్టడంలోనూ తీయడంలోనూ దిట్ట!

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లూ, ఈ బిట్టు రాసుకోండి. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరొందినది ఎవరు? మన హైదరాబాద్ డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ! 1885 నుంచి 1889 దాకా ఇక్కడి మెడికల్ స్కూల్లో చదివి, రోగులకు క్లోరోఫామ్ ఇచ్చారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి రసాయన, భౌతిక శాస్త్రాలు కూడా చదివొచ్చారు. లండన్ కాదు, న్యూయార్క్ కాదు, మన ఊరే!

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కండి. నారాయణగూడ దాటగానే సుల్తాన్ బజార్. అక్కడికి దగ్గర్లోని కోఠి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889ల్లో ప్రపంచం చెవులు రిక్కించిన, క్లోరోఫామ్ ఎంత భద్రమో తేల్చే కమిషన్లు నడిపాడని తెలుసా? లండన్ నుంచి నిపుణుణ్ని పంపమని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ లాన్సెట్ పత్రికకు వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. వచ్చినవాడు లాడర్ బ్రంటన్. నిజాం ఖజానా మత్తు మందుకీ తెరుచుకుంది!

కమిషన్ తీర్పేమిటి? క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు ఊపిరి మీద కన్నేస్తే చాలు, గుండెకు నేరుగా ముప్పు లేదని. 1911లో గుడ్‌మన్ లెవీ, కాదు, అది గుండె లయ తప్పించి చంపగలదని నిరూపించాడు. అందుకే నేడు మత్తు మందు ఎక్కించేచోట ఈసీజీ, బీపీ, ఆక్సిజన్ అన్నిటిపైనా కన్ను. ఒక్క కన్ను చాలలేదు మరి!

నొప్పులకు ఇలాగే ఎక్కించే మరో మత్తు మందు కెటమిన్ సంగతి? 1964లో తొలిసారి అమెరికా జైల్లోని ఖైదీ వాలంటీర్లకు ఇచ్చారు. ఆపరేషన్ మత్తుగా 1970లో అనుమతి వచ్చింది. మొండి నొప్పులకు దీన్ని ఎక్కించే పద్ధతిపై అమెరికా వైద్య సంఘాలు 2018లో మార్గదర్శకాలు వెలువరించాయి. మన దేశంలో 2013 నుంచి షెడ్యూల్ ఎక్స్‌లో ఉంది, చీటీ లేకుండా చేతికి రాదు. జైల్లో మొదలై ఇప్పుడు తాళం కిందకే వచ్చింది!

మళ్లీ లిడోకైన్ దగ్గరికి వద్దాం. రక్తంలో అది రెండు గంటల్లోపే సగమైపోతుంది. ఉపశమనం మాత్రం కొందరికి రోజులు, వారాలు నిలుస్తుంది. అతిథి వెళ్లిపోయాడు, ఆతిథ్యం మిగిలింది!

డ్రిప్పు ఎక్కుతుండగా నోట్లో ఇనుము రుచి, పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో రింగుమనే మోత. ఇవి ప్రమాద ఘంటికలని తెలుసా? వెంటనే చెప్పాలి. మోతాదు మితిమీరితే విరుగుడు సోయా నూనె! ఆసుపత్రుల్లో వాడే తెల్లని కొవ్వు మందును రక్తనాళంలోకి ఎక్కిస్తారు. వంటింటి నూనె బంధువు, ప్రాణదాత!

చివరి మాట, ఇది గట్టిగా గుర్తుంచుకోండి. ఈ డ్రిప్పు అందరికీ పనిచేయదు, జబ్బును మాయం చేయదు. గుండె లయ సమస్యలుంటే ముందే చెప్పాలి. ఇంట్లోనో, వసతుల్లేని చోటో అసలే వద్దు. కానీ షుగర్ తిమ్మిర్లయినా, సర్పి మంటయినా, ‘వయసైంది, ఇంతే’ అని పళ్లు బిగపట్టి భరించకండి. నొప్పికి ప్రత్యేక వైద్యులున్నారు. పెద్ద ఆసుపత్రిలో నొప్పి విభాగం ఎక్కడని అడగండి, మీ ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లండి.