కౌలుభూమి ఖాళీచేయుమని డిక్రీ అయినచో

క్రిందటి పంటకాలమున నొక కౌలురైతు మాయొద్దకు వచ్చి, "అప్పీలు వేసితిని గదా, ఇక చేనికి భయములేదు" అని నిశ్చింతగ బలికెను. వరి పొట్టమీద నున్నది. పది దినములు దాటకమునుపే కోర్టు అమీనా వచ్చి భూమిని భూస్వామికి స్వాధీనపరచెను. అప్పీలు మాత్రము కోర్టులో చక్కగనే యున్నది! ఇట్టి పొరపాటు మఱియొక సభ్యుడు చేయకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1908 సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము అప్పీలు దాఖలైనంతమాత్రమున డిక్రీ అమలు నిలువదు. స్టే కోరుచు వేఱుగ అర్జీ పెట్టవలెను. స్టే లేనిచో గొప్పనష్టము కలుగుననియు, అర్జీ జాగులేక పెట్టబడినదనియు, డిక్రీ నెరవేర్చుటకు జామీను ఇయ్యబడినదనియు కోర్టునకు తోపవలెను. నష్టము చూపుట రైతునకు కష్టముకాదు. చేనిలో పైరేది, ఎన్ని యెకరములు, నాటి యెన్నాళ్లైనది, ఎరువులకును కూలికిని ఎంత పెట్టెను, కోత యెప్పుడు అను వివరములను, సంఘపు అప్పుపద్దుతో గూడ, అఫిడవిట్టులో వ్రాయింపవలెను. "మిక్కిలి నష్టపోవుదును" అని ఊరక వ్రాసిన కాగితమునకు బలము చాలదు. అప్పీలు సిద్ధము కాకున్నను, గడువులోపల డిక్రీ యిచ్చిన కోర్టునే అమలు కొంతకాలము నిలుపుమని అడుగవచ్చును. అప్పీలు గెలిచిన పిమ్మట భూమిని మరల రాబట్టుకొనవచ్చును, నిజమే; అందాక ఇంటిల్లపాదికి తిండి యెట్లు?

గడువు 1963 సంవత్సరపు లిమిటేషను చట్టములో నున్నది. డిక్రీ తేదీనుండి హైకోర్టుకైనచో 90 దినములు, తక్కిన కోర్టులకైనచో 30 దినములు. నకలు తయారగుటకు పట్టిన కాలము లెక్కలో చేరదు. కాని నకలునకు అర్జీ పెట్టక ఇంట గూర్చున్న దినములు చేరును. నకలు సిద్ధమైనను తెచ్చుకొనని దినములును చేరును. కావున తీర్పు చెప్పిననాడే అర్జీ పెట్టవలెను. తగిన కారణమున్నచో ఆలస్యమును కోర్టు మన్నింపవచ్చును గాని, నాట్లతొందర యట్టి కారణమగునని నమ్మియుండరాదు.

రైతు హాజరుకానప్పుడు ఎక్సుపార్టీగా డిక్రీ యైనచో, దానిని కొట్టివేయుమని ఆ కోర్టునందే 30 దినములలో కోరవచ్చును. సమను సరిగా అందనిచో ఆ దినములు డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి లెక్క.

అప్పీలు క్రొత్త దావా కాదు. క్రిందికోర్టు ముందున్న సాక్ష్యమును బట్టియే తీర్పులో తప్పు చూపవలెను. మక్తా రసీదులు పెట్టెలో దాచి దావాలో చూపనివాడు, పైకోర్టులో వాటిని చేర్చించుట మిక్కిలి కష్టము. కౌలుచట్టము క్రింద ప్రత్యేకాధికారి యిచ్చిన ఉత్తరువైనచో గడువును, అప్పీలు వినువారును వేఱుగ నుండవచ్చును గాన ఆ ఉత్తరువును తెలిసిన ప్లీడరుచే వెంటనే చదివించుకొనవలెను.

ప్లీడరు ఫీజు ఇచ్చుకొనలేని బీదవారు 1987 సంవత్సరపు చట్టము ననుసరించి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తములేకయే ఈ సహాయము కలదు. పోవునపుడు తీర్పు నకలును, మక్తా రసీదులను, పైరు వివరములను వెంట గొనిపోవలెను.