రౌటరు మోడెమును గుర్తింపనిచో చేయవలసిన పరీక్షలు

గత ఖరీఫునందు మా ప్రాంతమున నొక సహకార సంఘపు డిపోవద్ద యూరియా కొఱకు రైతులు తెల్లవాఱకమునుపే వరుసకట్టి నిలిచియుండిరి. గోదామున సరకు నిండుగా నున్నను ఒక్క బస్తాయైనను కదలలేదు. 2018 నుండి సబ్సిడీ యెరువును వ్రేలిముద్ర తీసికొను పాస్ యంత్రముద్వారానే అమ్మవలసియున్నది. ఆ యంత్రమునకు ఇంటర్నెట్టు నందించు రౌటరు, తన వెనుక గ్రుచ్చిన సిమ్ మోడెమును గుర్తించుట లేదు. మోడెము పాడైనదనియు, క్రొత్తది కొనవలెననియు కార్యదర్శిగారు తలంచిరి. పరీక్షింపగా మోడెమునందు లోపమేమియు లేదు. ఆనాటి పరీక్షలను వరుసగా నిచ్చట వ్రాయుచున్నాను.

ఆ రౌటరులో, దానితో వచ్చిన లోపలి ప్రోగ్రామును తీసివేసి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ యను ఉచిత ప్రోగ్రాము నెక్కించిరి. 2004లో నారంభమైన ఈ ప్రోగ్రాము మిక్కిలి యుపయోగకరమైనది. కాని దీనియందు మోడెమునకు వలయు భాగములన్నియు ముందుగానే యుండవు. వానిని మనమే చేర్చుకొనవలెను. తఱచుగా చిక్కు వచ్చునది ఇచ్చటనే.

మొదటిది, విద్యుత్తు. సాధారణ యుఎస్‌బి 2.0 రంధ్రము 500 మిల్లీ ఆంపియర్లను, 3.0 రంధ్రము 900 మిల్లీ ఆంపియర్లను ఇచ్చునట్లు నిర్ణయింపబడినవి. సంకేతము బలహీనమైన చోట మోడెము ఎక్కువ విద్యుత్తును లాగును. సన్నని పొడవాటి తీగతో మోడెమును కిటికీకి కట్టినచో దారిలోనే బలము తగ్గిపోవును. కావున ముందుగా తీగను తొలగించి, మోడెమును నేరుగా గ్రుచ్చి చూడుడు. మోడెము కంప్యూటరునందు పనిచేసి రౌటరునందు పనిచేయనియెడల, వేఱుగా కరెంటు తీసికొను యుఎస్‌బి హబ్బును నడుమ నుంచుడు.

రెండవది, రౌటరునకు అసలు కనబడుచున్నదా యనుట. మోడెమును తీసి మరల గ్రుచ్చి, వెంటనే కెర్నెల్ లాగ్ పుటను చూడుడు. క్రొత్త యుఎస్‌బి పరికరము వచ్చినదను పంక్తి లేనిచో లోపము తీగయందో, రంధ్రమునందో, విద్యుత్తునందో, యుఎస్‌బి డ్రైవరునందో కలదు. పంక్తి యున్నచో మోడెము బ్రతికియే యున్నది; క్రొత్తది కొనుటకు తొందరపడరాదు.

మూడవది, మోడెము ధరించిన వేషము. పెక్కు మోడెములు మొదట సీడీ డ్రైవువలె కనబడును. కంప్యూటరునకు కావలసిన డ్రైవరును అందులో దాచియుంచుటయే దీనికి కారణము. ఉదాహరణమునకు, హువావే ఇ3372 హైలింక్ మోడెము తొలుత 12డి1:1ఎఫ్01 అను సంఖ్యతో కనబడి, వేషము మార్చిన పిమ్మట 12డి1:14డిసి అగును. ఈ మార్పును చేయునది యుఎస్‌బి-మోడ్‌స్విచ్ అను ప్యాకేజి. అది లేనిచో మోడెము సీడీగానే నిలిచిపోవును.

నాలుగవది, తగిన డ్రైవరు. మోడెములలో క్యూఎంఐ, ఎంబిఐఎం, ఈథర్‌నెట్ అను విధములు కలవు. ఒక విధమునకు చెందిన డ్రైవరు మఱియొక దానికి పనికిరాదు. డ్రైవరు ప్యాకేజి రౌటరులోని కెర్నెల్ వెర్షనుకు సరిపోవలెను, లేనిచో ఎక్కదు.

ఆనాటి లోపము మూడవ పరీక్షయందు బయటపడినది. ముందురోజు సాయంకాలము ఎవరో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీని క్రొత్త వెర్షనునకు మార్చిరి. అట్లు మార్చునపుడు మన సెట్టింగులు నిలుచును గాని, మనము చేర్చిన ప్యాకేజీలు నిలువవు. ఇంటర్నెట్టు లేక ప్యాకేజి రాదు, ప్యాకేజి లేక ఇంటర్నెట్టు రాదు! అపుడు ఒక రైతు సోదరుని సెల్‌ఫోను హాట్‌స్పాటునకు రౌటరును వైఫైద్వారా కలిపి, పోయిన ప్యాకేజీలను మరల ఎక్కించితిమి. మధ్యాహ్నమునకు యూరియా పంపిణీ సాగినది.

ఇంకొక మాట. మోడెము గుర్తింపబడియు ఇంటర్నెట్టు రాకున్నచో అది వేఱు రోగము. అపుడు సిమ్ పిన్నును, ఏపీఎన్ పేరును చూడవలెను. జియోకు 'జియోనెట్', బిఎస్ఎన్ఎల్‌కు 'బిఎస్ఎన్ఎల్‌నెట్' అని యుండవలెను. 2016లో సేవ ప్రారంభించిన జియోకు 3జి ఎన్నడును లేదు గనుక, పాత 3జి మోడెములో జియో సిమ్ము పనిచేయదు.

వరి పైరు పసుపెక్కినపుడు నత్రజని లోపమో, జింకు లోపమో, మురుగునీరో తెలిసికొనక యూరియా చల్లువాడు ధనమును, పైరును రెండింటిని పోగొట్టుకొనును. యంత్రముల విషయమును అట్టిదే. సంఘముల కార్యదర్శులు తమ రౌటరునకు చేర్చిన ప్యాకేజీల పేర్లను ఒక కాగితముపై వ్రాసి, ఆ పెట్టె ప్రక్కనే అంటించియుంచుట మేలు. ఎరువుల అదనులో వెర్షను మార్చు పని పెట్టుకొనరాదు.