లింగాయత మతం: గుర్తింపు చుట్టూ అల్లుకున్న అపోహలు

పాల్కురికి సోమన 13వ శతాబ్దంలోనే బసవ పురాణం రాసి బసవన్నను తెలుగువాళ్లకు ఇంటిమనిషిని చేశాడు. ఆ బసవన్న పేరుతో జాగతిక లింగాయత మహాసభ ప్రత్యేక మత గుర్తింపు అడుగుతుంటే, ఆ వార్త కర్ణాటక దాటి మన దాకా వచ్చేసరికి సగం పుకారైపోతోంది.

అపోహ: ఇది కర్ణాటక 2018 ఎన్నికల కోసం పుట్టిన కోరిక.
వాస్తవం: ఎన్నికల వేళ రాజకీయం తోడైన మాట నిజమే. కానీ 2013లోనే ఈ వినతి కేంద్రం దాకా వెళ్లి తిరస్కరణకు గురైంది. కోరిక వెనుక సిద్ధాంతం ఉంది: గుడికి బదులు ఒంటి మీది ఇష్టలింగం, వేదానికి బదులు బసవన్న, ఆయన అనుచరుల వచనాలు, కులభేదాన్ని కాదనడం.

అపోహ: లింగాయతులందరిదీ ఒకే మాట.
వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 1904లో ఏర్పడిన అఖిల భారత వీరశైవ మహాసభ వీరశైవులు, లింగాయతులు ఒకటేనంటుంది. జాగతిక మహాసభ ఒప్పుకోదు. వారికి మత స్థాపకుడు బసవన్నే. వీరశైవుల పంచపీఠాల సంప్రదాయమేమో బసవన్నకు ముందే పంచాచార్యులున్నారని చెబుతుంది. ఆ పీఠాల్లో ఒకటి మన శ్రీశైలంలోనే ఉంది. పంచాచార్యుల్లో ఒకరైన రేణుకాచార్యుడు మన కొలనుపాక సోమేశ్వర లింగం నుంచే ఉద్భవించాడని ఆ సంప్రదాయం వారి నమ్మకం. ఈ వాదులాటలో మన నేలకూ చోటుంది కాబట్టి, పక్క రాష్ట్రం గొడవని కొట్టిపారేయడం తగదు.

అపోహ: గుర్తింపు ఎప్పుడో వచ్చేసింది.
వాస్తవం: రాలేదు. ఈ అంశంపై తాను వేసిన నాగమోహన్ దాస్ కమిటీ నివేదికను ఆమోదించి 2018 మార్చిలో కర్ణాటక సిఫారసు మాత్రమే చేసింది. కేంద్రం ఒప్పుకోలేదు.

అపోహ: మతం వేరైతే రిజర్వేషన్లు పెరుగుతాయి, హిందూ వివాహ చట్టం వర్తించదు.
వాస్తవం: మైనారిటీ హోదాతో ముఖ్యంగా దక్కేది 30వ అధికరణం కింద సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు. రిజర్వేషన్‌కు కొలమానం వెనుకబాటుతనం. ఏ మత గుర్తింపూ లేకుండానే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వీరశైవ లింగాయతులు బీసీ-డిలో ఉన్నారు. ఇక వివాహ చట్టమంటారా, మైనారిటీలైన సిక్కులకు, జైనులకు కూడా అదే వర్తిస్తోంది.

నిజంగా పట్టించుకోవలసిన భయం మరొకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే పరిమితం. లింగధారులైన దళితులు ఆ హోదా కోల్పోకూడదంటే, మత గుర్తింపుతో పాటే ఆ ఉత్తర్వునూ సవరించమని అడగాలి. 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం దాన్ని సవరించారు.