కుక్కరు మీద బరువెందుకు?

"మూడు విజిళ్లు రాగానే దించు" అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పడం మీరు వినే ఉంటారు. మామూలు గిన్నెలో ఎంతసేపటికో గాని ఉడకని కందిపప్పు కుక్కర్లో కొద్ది నిమిషాల్లోనే మెత్తబడుతుంది. పొయ్యి అదే, మంట అదే. మరి తేడా ఎక్కడుంది?

మూత లేని గిన్నెలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది. ఆ తరువాత మంట ఎంత పెంచినా నీటి వేడి పెరగదు. నీరు త్వరగా ఆవిరైపోతుంది, అంతే. కాని ఈ లెక్క సముద్రమట్టం వద్ద ఉండే గాలి పీడనానికి మాత్రమే వర్తిస్తుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో గాలి పీడనం తక్కువ. అక్కడ నీరు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతుంది, పప్పు ఒక పట్టాన ఉడకదు. పీడనం పెరిగితే మరుగు స్థానమూ పెరుగుతుంది. కుక్కర్లో ఆవిరిని బంధించి, లోపలి పీడనాన్ని బయటి పీడనానికి రెట్టింపు చేశామనుకోండి. అప్పుడు నీరు సుమారు 120 డిగ్రీల వద్ద గాని మరగదు. ఎక్కువైన ఆ 20 డిగ్రీలే పప్పును త్వరగా ఉడికిస్తాయి.

ఈ సూత్రంతో 1679లో లండనులో ఒక పాత్రను తయారుచేసినవాడు డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. మీరు చదువుకున్న బాయిల్ నియమానికి కర్త అయిన రాబర్ట్ బాయిల్ వద్ద ఆయన సహాయకుడిగా పనిచేశాడు. తన పాత్రకు 'డైజెస్టర్' అని పేరు పెట్టాడు. పారవేసే ఎముకల నుంచి కూడా తక్కువ కట్టెలతో బలమైన ఆహారం తీయాలన్నది ఆయన ఆశయం.

ఆవిరిని బంధించడం తేలికే. ఎప్పుడు వదలాలో తెలియకపోతే మాత్రం ఆ పాత్రే బాంబు అవుతుంది. అందుకని పాపిన్ మూతకు చిన్న రంధ్రం చేసి, దానిపై ఒక బిరడా అమర్చాడు. దానిని అదిమిపట్టే కడ్డీ చివర బరువు వేలాడదీశాడు. పీడనం హద్దు మీరితే ఆవిరి బిరడాను పైకి నెట్టి బయటపడుతుంది. సేఫ్టీ వాల్వు అలా పుట్టింది. లోపలి వేడిని అంచనా వేయడానికి మూత మీది గుంటలో నీటిబొట్టు వేసి, అది ఇగిరిపోయేలోగా లోలకం ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కించేవాడు!

1682లో రాయల్ సొసైటీ సభ్యులకు డైజెస్టర్‌లో వండి విందు చేశారు. గట్టి ఎముకలు సైతం మెత్తబడ్డాయని ఆ విందుకు వెళ్లిన జాన్ ఎవెలిన్ తన దినచర్యలో రాసుకున్నాడు. అయినా ఆ బరువైన పాత్ర అప్పట్లో ఇళ్లకు చేరలేదు. దాని సేఫ్టీ వాల్వు మాత్రం తరువాత ఆవిరి యంత్రాల బాయిలర్లకు రక్షణ అయింది. ఇళ్లలో వాడుకొనే తేలికపాటి కుక్కర్లు ఇరవయ్యో శతాబ్దంలోగాని వ్యాప్తిలోకి రాలేదు.

మన కుక్కరు మీది బరువు పాపిన్ బరువుకు మనవడే. ఆవిరి దానిని ఎత్తి బయటికి దూకినప్పుడే మనకు విజిల్ వినబడుతుంది. ఆవిరి గొట్టంలో మెతుకు అడ్డుపడితే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆదుకోవడానికి చాలా కుక్కర్ల మూతకు మరో వాల్వు ఉంటుంది. అందులోని మిశ్రమలోహం వేడి మితిమీరితే కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. అయినా మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకెత్తి చూడాలి. విజిల్ రాకుండా బరువును అదిమిపట్టకూడదు. ఆవిరి పూర్తిగా పోనిదే మూత తీయకూడదు.

చివరగా ఒక ప్రశ్న. దించిన కుక్కరు మీద చన్నీళ్లు పోస్తే లోపలి పీడనం చప్పున పడిపోతుంది. ఎందుకో ఆలోచించి చెప్పగలరా?