రైలు టీకి మన మగ్గు ఎందుకు?

రాయ్‌పూర్ నుంచి టిట్లాగఢ్, రాయగడ మీదుగా విశాఖపట్నం వెళ్లే రైల్లో టీ ఎక్కువగా కాగితపు కప్పులోనే చేతికొస్తుంది. కానీ ఆ కప్పు పూర్తిగా కాగితం కాదు. టీ కారకుండా లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు ఇలాంటి కప్పుల్లో 85-90 డిగ్రీల సెల్సియస్ వేడినీటిని 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి పరీక్షించారు. 15 నిమిషాల్లో దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు నీటిలో చేరినట్లు 2020లో వెల్లడించారు.

స్టీలు మగ్గులో ఆ పొర ఉండదు. రెండు గోడల మధ్య శూన్యం ఉన్న మగ్గయితే వేడి త్వరగా బయటికి పోదు. అందుకే మూత తీసి, కాస్త చల్లారనిచ్చి తాగండి. 65 డిగ్రీలు దాటిన పానీయాలు క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో పేర్కొంది. ఈసారి ప్రయాణంలో టీని నేరుగా మీ మగ్గులోనే పోయమనండి.